బడి శ్లాబు కారుతోంది, టెండరుకి ఎవరూ రావడం లేదు: పని ఎక్కడ ఆగినట్టు?

మీరు అడిగింది ఇదీ. ఆమదాలవలస వైపు మీ ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో రెండు గదుల శ్లాబు కారుతోంది. నాలుగేళ్ల కిందట ఒకసారి రిపేరు చేశారు, ఒక వానాకాలం ఆగింది, మరుసటేడు మళ్లీ మొదలు. కొత్తగా ఎస్టిమేటు వేసి రెండేళ్లయింది. రెండుసార్లు టెండరు పిలిస్తే ఒక్కరూ వేయలేదు. ఇది కాంట్రాక్టర్ల నాటకమా, ఆఫీసు నాటకమా, పిల్లల తల్లిదండ్రులుగా మేం ఎవర్ని పట్టుకోవాలి అని.

నాటకం ఉంటే ఉండొచ్చు. కానీ మీరు రాసిన వివరాలు చదివితే నా అనుమానం ఎస్టిమేటు మీదకే పోతోంది. ముందు ఆ ఎస్టిమేటు కాపీ సంపాదించండి. రేట్లు ఏ ఏడాదివి, అసలు రోగానికి మందు అందులో రాశారా, ఈ రెండూ చూడండి. పాత రేట్లతో మూడోసారి పిలిచినా ఎవరూ రారు. పాత ఐటమ్‌లతో (ఎస్టిమేటులో విడివిడిగా రాసిన పనులతో) ఎవరో ఒకరు వచ్చి చేసినా మళ్లీ కారుతుంది. కాబట్టి మీరు పట్టుబట్టాల్సింది "టెండరు పిలవండి" అని కాదు, "ఎస్టిమేటు తిరగరాయండి" అని.

నేను పంచాయతీరాజ్ ఇంజినీరింగ్‌లో ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరు) చేరి డీఈఈగా (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) రిటైరయ్యాను. ఉద్యోగమంతా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే. కొత్త పనుల్లో అవకతవకలు వేరే కథ. రిపేరు పనులు మాత్రం, నేను చూసినంతలో, టెండరు దగ్గర చెడినవాటికన్నా ఎస్టిమేటు కాగితం మీదే చెడినవి ఎక్కువ. అందులో నేను చెడగొట్టినదీ ఒకటుంది, కింద చెప్తాను.

మొదట, ఆ బిల్డింగు ఎవరిది? ఇది తేలకపోతే మీ అర్జీ టేబుళ్ల మీద తిరుగుతూనే ఉంటుంది. హైస్కూలు జిల్లా పరిషత్తుది. పక్కనే ఉన్న ఎలిమెంటరీ స్కూలు సాధారణంగా మండల పరిషత్తుది. వీధి కాలువ పంచాయతీది. ఆసుపత్రి భవనమైతే వైద్య సేవల, మౌలిక వసతుల సంస్థ వాళ్లు చూస్తారు. మంచినీళ్ల ట్యాంకు గ్రామీణ నీటి సరఫరా (ఆర్‌డబ్ల్యూఎస్) వాళ్లది. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీల్లో ఆశ్రమ పాఠశాలలకు గిరిజన సంక్షేమ ఇంజినీర్లు వేరే. ఆస్తి ఒకరిది, పని చేయించే ఇంజినీరు ఇంకొకరి మనిషి, డబ్బు మూడో చోటి నుంచి రావడం మామూలే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఇంకో చిక్కు వచ్చింది. జిల్లా పరిషత్తులు పాత జిల్లాల లెక్కనే కొనసాగాయి. రాజాం వాళ్లకి కలెక్టరు విజయనగరంలో, జిల్లా పరిషత్తు మాత్రం శ్రీకాకుళంలో. విజయనగరం కలెక్టరు గ్రీవెన్సులో అర్జీ ఇచ్చి, అది శ్రీకాకుళం వెళ్లి, జవాబు కోసం మళ్లీ విజయనగరంలో అడుగుతూ ఒక మాస్టారు నెలల తరబడి తిరగడం నాకు తెలుసు. మీది ఆమదాలవలస కాబట్టి ఆ గొడవ లేదు.

కాగితం నడిచే దారి మీకు తెలిసే ఉంటుంది గనక ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాను. ఏఈ ఎస్టిమేటు వేస్తాడు. డబ్బు ఏ పద్దు నుంచో తేల్చి పరిపాలనా ఆమోదం ఇస్తారు. మొత్తాన్ని బట్టి డీఈఈ, ఆయన పైన ఈఈ, లేక ఆ పైన ఎస్ఈ సాంకేతిక మంజూరు ఇస్తారు. తర్వాత టెండరు, అగ్రిమెంటు, సైటు అప్పగింత, పని, ఎం బుక్కు (చేసిన పని కొలతలు రాసే పుస్తకం), బిల్లు. ఈ గొలుసులో మొదటి లింకు మీదే మిగతావన్నీ వేలాడుతుంటాయి.

ఇప్పుడు అసలు సంగతి, రిపేరు ఎస్టిమేటు. కొత్త గది కట్టాలంటే డ్రాయింగు ఉంటుంది, పొడవు వెడల్పు ఉంటాయి, ఎస్ఎస్ఆర్ అనే ప్రభుత్వ రేట్ల పుస్తకంలో రేట్లుంటాయి. కూర్చుని గుణిస్తే చాలు. రిపేరు అలా కుదరదు. పెచ్చు గీకితే గానీ లోపల ఏముందో తెలీదు. గీకాలంటే కూలీ కావాలి, నిచ్చెన కావాలి, ఎస్టిమేటు దశలో దానికి పైసా ఉండదు. ఏఈ చేతిలో అప్పటికే ముప్పై పనులుంటాయి. ఏం చేస్తాడు? గుమ్మం దగ్గర నిలబడి పైకి చూసి "పెచ్చులూడిన చోట ప్లాస్టరింగ్, రెండు పూతల సున్నం, శ్లాబు పైన వాటర్‌ప్రూఫింగ్" అని మూడు ఐటమ్‌లు రాసి పంపుతాడు. మీ బడికి నాలుగేళ్ల కిందట జరిగింది ఇదేనని నా ఊహ. లోపల చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంటే దాని మీద కొత్త ప్లాస్టరింగ్ ఒక వానాకాలం నిలబడటమే ఎక్కువ.

నా తప్పు చెప్తానన్నాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్టన్నది నిలబడలేదు. ఆ వారంలో నష్టం ఎస్టిమేట్లు రాత్రికి రాత్రి కావాలన్నారు. కరెంటు లేదు, జనరేటరు వెలుగులో కూర్చుని రాశాం. తీరం దగ్గర ఒక బడి శ్లాబుని నేను కింద నుంచి చూసి, ఫోటో తీసి, "ప్లాస్టరింగ్ 40 చదరపు మీటర్లు" అని వేసేశాను. పని మొదలయ్యాక మేస్త్రీ ఫోన్ చేశాడు: "బాబూ, ఓసారి రండి. పెచ్చు కొడతంటే చువ్వే ఊడి చేతికొచ్చేస్తంది. ప్లాస్టరింగు దేనికి పట్టించమంటారు?" వెళ్లి చూస్తే పన్నెండు మిల్లీమీటర్ల చువ్వ పెన్సిలంత సన్నబడి ఉంది. నా ఎస్టిమేటులో చువ్వ తుప్పు గీకడం లేదు, కొత్త చువ్వ కట్టడం లేదు, చుట్టూ కొత్త కాంక్రీటు పొర వేసే జాకెటింగ్ లేదు. ఐటమ్ లేని పనికి డబ్బు ఇవ్వలేం. కొత్త ఐటమ్ కలపాలంటే సప్లిమెంటరీ ఎస్టిమేటు, మళ్లీ మంజూరు. కాంట్రాక్టరు పనివాళ్లని ఎంతకాలం కూర్చోబెడతాడు? వేరే పనికి పోయాడు. సగం కొట్టిన శ్లాబు కింద పిల్లల్ని కూర్చోబెట్టలేక హెడ్మాస్టరు ఆర్నెల్లు చెట్టు కింద క్లాసులు నడిపించాడు. ఊళ్లోవాళ్లు తిట్టింది కాంట్రాక్టర్ని. తిట్లు పడాల్సింది నాకు.

తీరం ఊళ్లకి ఇంకో మాట. సముద్రపు గాలి తగిలే కాంక్రీటుకి కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 కనీసం ఎం30 గ్రేడు మిక్సు, చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కవరు (చువ్వని కప్పే కాంక్రీటు మందం) చెబుతుంది. మన పాత బడులూ తుపాను షెల్టర్లూ కొన్ని అందులో సగం కవరు కూడా లేకుండా ఉన్నాయి. అక్కడ "ప్లాస్టరింగ్" అని రాసిన ఎస్టిమేటు కనిపిస్తే ముందు అనుమానించండి. విజయనగరంలో రాజుల కాలం నాటి గానుగ సున్నం గోడలకి వచ్చే జబ్బు వేరు. వాటి మీద సిమెంటు పూస్తే గోడలోని చెమ్మ బయటికి రాలేక పొరలు పొరలుగా ఊడిపోతుంది. సున్నానికి సున్నమే కావాలి. ఆ పని తెలిసిన మేస్త్రీలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. సరే, అది మీ బడికి సంబంధం లేని గోడు.

ఎవరూ ఎందుకు వేయడం లేదు? రెండేళ్ల నాటి ఎస్టిమేటు అంటే రెండేళ్ల నాటి ఎస్ఎస్ఆర్. ఈలోగా కంకర, చువ్వ, మేస్త్రీ కూలీ ఆగి ఉన్నాయా? పోనీ ఎక్కువకి కోట్ చేద్దామంటే 2003లో వచ్చిన 94వ నంబరు జీవో ఎస్టిమేటు మీద అయిదు శాతం ఎక్సెస్‌కి మించి ఒప్పుకోనివ్వదు. పాత రేటు, దాని మీద పరిమితి. లెక్క వేసుకున్నవాడెవడూ రాడు. 2022 జులైలో స్థానిక సంస్థల పనుల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతం అయినప్పుడు కూడా ఇలాగే ఎన్నో పనులకి టెండరు పడలేదు. ఎస్టిమేటులో 12 వేసి ఉంటే ఆ ఆరు ఎవరు భరించాలి?

రెండో కారణం బిల్లు. ఇది మీకు కాంట్రాక్టరు చెప్పడు, చెబితే ఆఫీసుతో చెడుతుంది. 2018 నుంచి బిల్లులు సీఎఫ్ఎంఎస్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థలో పోతున్నాయి. అప్‌లోడు చేయడం వరకే ఇంజినీరు చేతిలో ఉంటుంది, డబ్బు ఎప్పుడు పడుతుందో మాకూ తెలీదు. మా లెక్కల్లో కాంట్రాక్టరు ఓవర్‌హెడ్లు, లాభం కలిపి ఇచ్చేది 13.615 శాతం. అతను బయట తెచ్చే అప్పు నూటికి నెలకి రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24. బిల్లు ఏడాది ఆగితే లాభం పోయి చేతి డబ్బు తగులుతుంది. పైగా పది లక్షల బిల్లులో 75 వేలు ఎఫ్ఎస్‌డీ (పనికి పూచీగా ఉంచే డిపాజిట్) కింద పట్టుకుంటాం, ముందే కట్టిన టెండరు డిపాజిట్ (ఈఎండీ) రెండున్నర శాతం మా దగ్గరే ఉంటుంది. లోపాలకి కాంట్రాక్టరే బాధ్యుడైన రెండేళ్ల కాలం (డిఫెక్ట్ లయబిలిటీ) గడిస్తే గానీ అవి తిరిగి రావు. ఇన్‌కంటాక్స్, జీఎస్టీ టీడీఎస్, ఒక శాతం లేబర్ సెస్సు, ఇసుక, కంకరల మీద సీనరేజీ కూడా అక్కడే కోత పడతాయి. పెద్ద కాంట్రాక్టరు పది పనుల మీద సర్దుకుంటాడు. అయిదారు లక్షల రిపేరు కోసం అంత దూరం కాంక్రీటు కలిపే మిల్లరుని, మనుషుల్ని పంపడు. వచ్చేవాడు చిన్నవాడే, చిన్నవాడికే ఈ ఆలస్యం తట్టుకునే శక్తి ఉండదు.

దీనికి పూర్తి వ్యతిరేకం కూడా చూశాను. ఎవరూ రాని పనికన్నా ఎస్టిమేటు మీద 30 శాతం తక్కువకి, అంటే లెస్‌కి, వచ్చిన పని నాకు భయం. ఆ 94వ జీవోలోనే దీనికి అడ్డుకట్ట ఉంది. 25 శాతం కన్నా దిగువకి కోట్ చేస్తే, తాను వేసిన మొత్తానికీ ఎస్టిమేటులో 75 శాతానికీ మధ్య తేడాని బ్యాంకు గ్యారంటీగా కట్టాలి. పది లక్షల పనికి ఏడు లక్షలు వేస్తే యాభై వేలు. మంచి నిబంధనే, కానీ యాభై వేలకి భయపడి నాణ్యత పాటించినవాడిని నేను చూడలేదు. అంత లెస్ వేసినవాడు లాభం సిమెంటులో వెతుక్కుంటాడు. లేదంటే ఇంకొకడికి అమ్మేస్తాడు, వాడు ఇంకో మేస్త్రీకి గుత్తకిస్తాడు, చివరికి సైటులో ఉన్నవాడికి అగ్రిమెంటులో ఏముందో కూడా తెలీదు. పెద్ద పనుల్లో 2019లో రివర్స్ టెండరింగ్ (వేసిన ధరని మళ్లీ పోటీ పెట్టి తగ్గించడం) తెచ్చారు, 2024లో తీసేశారు. ధర తగ్గిందని పేపర్లో రాయడానికి బాగుంటుంది గానీ తగ్గిన ధర గోడలో ఎక్కడో కనిపిస్తుందన్నది నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్లు మా డిపార్టుమెంటులోనే ఉన్నారు.

"టెండరు గొడవ లేకుండా ముక్కలు చేసి నామినేషన్ మీద ఇచ్చేయొచ్చుగా" అని మీ సర్పంచి గారు అన్నారని రాశారు. వద్దనండి. ఒకే పనిని ముక్కలు చేసి పరిమితి కిందకి తేవడం ఆడిట్‌లో మొదట దొరికే తప్పు. ఒక చోట ప్రహరీని తూర్పు గోడ, ఉత్తరపు గోడ, గేటు వైపు గోడ అని మూడు పనులు చేశారు. ముగ్గురు మనుషులు, మూడు రకాల ఇటుక, మూలల్లో ఒకదానికొకటి పట్టు లేదు. గాలివానకి ఉత్తరపు గోడ ఒక్కటే పడింది. ముగ్గురిలో ఎవరి బాధ్యతో తేలక ఆ ఫైలు నేను రిటైరయ్యేనాటికీ నడుస్తోంది.

తల్లిదండ్రుల కమిటీతో చేయించే పద్ధతి మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు. 2019 నవంబరులో మొదలైన నాడు-నేడు మొదటి విడతలో 15,715 బడుల్లో పనులు కమిటీల చేతే చేయించారు, మధ్యలో కాంట్రాక్టరు లేడు. కమిటీలో ఒక్క గట్టి మనిషి ఉన్న చోట పని బాగా వచ్చింది. నేను చూసిన ఒక బడిలో ఆ గట్టి మనిషి ఒక తల్లి. సిమెంటు బస్తాలు దిగితే లెక్కపెట్టి, బస్తా మీద వారం, సంవత్సరం చూసి, పాతదైతే లారీ వెనక్కి పంపేసేది. మా ఏఈ కన్నా ఆమెకే మేస్త్రీ ఎక్కువ భయపడేవాడు. పట్టించుకునేవాళ్లు లేని చోట హెడ్మాస్టరు పాఠాలు మానేసి ఓచర్లు రాసుకున్నాడు. డబ్బు ఆగినప్పుడు దుకాణం వాడు హెడ్మాస్టరు ఇంటికే వచ్చేవాడు. ఇలాంటి పద్ధతిలో పని వస్తే తీసుకునే ముందు మీలో రోజూ సైటుకి వెళ్లేది ఎవరో తేల్చుకోండి.

మీరు చేయాల్సింది. సమాచార హక్కు చట్టం కింద అడగండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో అయిదు రూపాయలు, ఆ పైన పది. జిరాక్సు పేజీకి రెండు రూపాయలు. 30 రోజుల్లో ఇవ్వాలి. "పని వివరాలు ఇవ్వండి" అని అడిగితే వివరాలు లేని జవాబే వస్తుంది. పేరు పెట్టి అడగండి: నాలుగేళ్ల నాటి పనికి డిటెయిల్డ్ ఎస్టిమేటు, అగ్రిమెంటు, ఎం బుక్కులో ఆ పని పేజీలు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, ఎఫ్ఎస్‌డీ తిరిగి ఇచ్చిన తేదీ, ఇప్పటి పనికి ఎస్టిమేటు, రెండు టెండరు నోటీసులు. పాత పని రెండేళ్ల బాధ్యతా కాలంలోనే చెడిపోయింది కాబట్టి అప్పట్లోనే రాతపూర్వకంగా ఇచ్చి ఉంటే కాంట్రాక్టరు తన ఖర్చుతో చేయాల్సింది. ఆ అవకాశం ఇప్పుడు దాటిపోయింది. అప్పుడు ఎవరైనా అర్జీ ఇచ్చారా, ఇస్తే దాన్ని ఏం చేశారు అన్నది ఆ ఫైలులో కనిపిస్తుంది.

ఎం బుక్కు చదవడం కష్టమేం కాదు. ఐటమ్, సంఖ్య, పొడవు, వెడల్పు, మందం, మొత్తం. టేపు పట్టుకుని గదిలో కొలిస్తే సరిపోయిందో లేదో పదో తరగతి పిల్లాడు చెప్తాడు. పేజీలకి నంబర్లుంటాయి, చెరపకూడదు, తప్పైతే కొట్టేసి సంతకం పెట్టాలి. ఏఈ రాసినదాన్ని డీఈఈ మళ్లీ కొలిచి సరిచూడాలి (చెక్ మెజర్‌మెంట్). లోపల మూసేసే పనిని, అంటే చువ్వనీ పునాదినీ, మూయకముందే కొలిచి రాయాలి. చువ్వ కొలత తేదీ, కాంక్రీటు తేదీ తర్వాత ఉంటే అక్కడ ఆగి చూడండి.

చాలామందికి తెలియని సంగతి, సమాచార హక్కు చట్టం రెండో సెక్షనులోని జె క్లాజు పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, మెటీరియల్ నమూనాని ధ్రువీకరించి తీసుకునే హక్కు కూడా ఇస్తుంది. కొత్త కాంక్రీటు పడేటప్పుడు క్యూబులు (బలం పరీక్షించే కాంక్రీటు దిమ్మెలు) మీ ఎదుట పోయమనండి. ఏడు రోజులకీ 28 రోజులకీ పగలగొట్టిన రిపోర్టు అడగండి. తర్వాత అనుమానం వస్తే కోరు (గట్టిపడ్డ కాంక్రీటులోంచి తొలిచి తీసే ముక్క) తీయించవచ్చు: ఎం20 కాంక్రీటుకి కోర్ల సగటు బలం చదరపు మిల్లీమీటరుకి 17 న్యూటన్లకి తగ్గకూడదు, ఏ ఒక్కటీ 15కి తగ్గకూడదు. ఇదంతా ఇంజినీర్ల పని అనుకోకండి. నా సైటులో ఊరివాళ్లు నిలబడి చూస్తున్న రోజున పని బాగుండేది, నాకూ మేస్త్రీని గట్టిగా అడగడానికి సాకు దొరికేది. క్యూరింగు కూడా చూడండి. మార్చి ఆఖరున బిల్లు కోసం హడావుడిగా పోసి, ఏప్రిల్ ఎండలో రెండు రోజులు తడిపి వదిలేసిన శ్లాబులు ఎన్నో. ఇప్పుడు వచ్చే పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటుకి పది రోజులు నీళ్లు నిలపాలి.

పని సగంలో వదిలేసి పోతే ఏం చేయాలని కూడా అడిగారు. అగ్రిమెంటులో ఉండే షరతుల్లో 60(సి) అని ఒకటుంది. నోటీసిచ్చి, మిగిలిన పనిని అతని నుంచి తీసేసి, ఇంకొకరి చేత అతని ఖర్చు మీద చేయించడం. రాతలో పదునైన కత్తే. అయితే మా బిల్లే ఏడాది ఇవ్వలేదని అతను జవాబు రాస్తే ఇంజినీరు ఆ కత్తి ఒరలో పెట్టేస్తాడు. నేనూ పెట్టాను.

ఇవన్నీ నెలల పని. ఈ ఆదివారమే చేయగలిగింది ఒకటుంది. తెలిసిన మేస్త్రీనొకర్ని, హెడ్మాస్టరు అనుమతితో, శ్లాబు మీదకి ఎక్కించండి. కారే గదుల పైన వాన నీళ్లు దిగే పైపులు చూడమనండి. మన బడుల్లో శ్లాబు కారడానికి చాలాచోట్ల మొదటి కారణం ఆకులూ బంతులూ ఇరుక్కుని ఆ పైపు మూసుకుపోవడం. శ్లాబు మీద జానెడు నీళ్లు వారాల తరబడి నిలబడితే ఏ వాటర్‌ప్రూఫింగూ ఆగదు. పిట్టగోడ మూలల్లో రావి మొక్క ఉందేమో చూడమనండి, ఉంటే పీకేస్తే సరిపోదు, వేరు వరకూ తీసి ఆ నెర్రె పూడ్చాలి. కింద గదిలో పెచ్చు ఊడిన చోట సుత్తితో తట్టి, డొల్ల మోగే జాగాని సుద్దముక్కతో గీసి ఫోటోలు తీయండి. ఒక్క చోట జానెడు పెచ్చు కొట్టి చువ్వ ఎలా ఉందో చూడండి.

చువ్వ గట్టిగా ఉంటే పైపు బాగు చేసి ఈ వానాకాలం గడిపేయొచ్చు. ఎస్టిమేటు నిదానంగా తిరగరాయించుకోండి. చువ్వ పొరలు పొరలుగా ఊడుతుంటే ఆ రెండు గదులకీ రేపే తాళం వేయించి, ఆ ఫోటోలతో డీఈఈ గారికి అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఫోటోలు, ఎస్టిమేటు కాపీ ఇక్కడ పెడితే ఐటమ్ ఐటమ్‌గా చూసి చెప్తాను.